ఇసుకలో పూడ్చిన కారు

మా యింటి అటకమీద ఒక వెదురుబుట్ట కలదు. అందు మా తండ్రిగారి కాలపు వాల్వు రేడియో విప్పిన స్థితిలో నున్నది. కొన్నియేండ్ల క్రిందట సంక్రాంతి సెలవులలో దానిని మరల పలికింపవలెనను ఉత్సాహముతో మేము పనికి పూనుకొంటిమి. మొదటి రోజున కొయ్యపెట్టె ఊడదీసితిమి. రెండవ రోజున చట్రమునుండి వాల్వులను, స్పీకరును వేరుచేసితిమి. మూడవ రోజున ముల్లును నడుపు త్రాడు తెగినది. నాలుగవ రోజున సెలవులు ముగిసినవి. తరువాత ఆ బుట్ట అటకనుండి దిగలేదు. రేడియోలో కొలువు చేయుచు ఇంటి రేడియోను మూలకు చేర్చిన ఘనత మాదేయని ఇంటిలోనివారు ఎత్తిపొడుచుచుందురు. ఆ మాటకు బదులు చెప్పుటకు మాకు నోరు లేదు.

విప్పుట సులభము. విప్పునప్పుడు ప్రతి గంటకు ఒక ఫలితము కంటికి కనబడును. కూర్చుటయందు అట్లు కాదు. నెలలు గడచినను బల్లమీద కనబడునది మునుపటి కుప్పయే. ఒక పాత యంత్రమును యథాపూర్వముగ నిలబెట్టుటకు పూనుకొన్నవారిలో పెక్కుమంది ఈ నడిమి దశలోనే చేతులు దులుపుకొందురు. పాత కార్ల విషయములో ఇది మరింత సత్యము. ఒక్క కారును బాగుచేయుటకు పదియేండ్లు పట్టుట వింత కాదు. ఆ పదియేండ్లు మనిషిని పనిలో నిలిపియుంచునది ఏమి? ఉత్సాహమనుకొందమా, ఉత్సాహమునకు అంత ఆయువు లేదు. మా బుట్టయే అందులకు సాక్షి.

హైదరాబాదులోని చౌమహల్లా ప్యాలెసును దర్శించినవారు అచ్చట నిజాముగారి పసుపుపచ్చని రోల్స్ రాయిస్ కారును చూచియుందురు. అది రాజుగారి వాహనము. నీడపట్టున నుంచిన వస్తువు. మేము చెప్పబోవు కారు అట్టిది కాదు. అది సముద్రతీరమున 42 ఏండ్లు ఇసుక క్రింద పడియుండినది. దాని పేరు 'బాబ్స్'.

బ్రిటను దేశమునకు పడమట నున్న వేల్సు ప్రాంతములో, నైరుతి తీరమున, పెండైన్ అను చిన్న గ్రామము కలదు. దాని ముందు సముద్రపుటొడ్డు సుమారు 7 మైళ్ల పొడవున సాగియుండును. ఆటుపోటులలో ఆటు వచ్చినప్పుడు, అనగా నీరు వెనుకకు తీసినప్పుడు, ఇసుక గట్టిపడి చదునైన బాటవలె నిలుచును. 1920 తరువాతి సంవత్సరములలో భూమిమీద అత్యంత వేగముగ పోవు కారు ఎవరిదను పందెము ప్రపంచమంతట కుతూహలము రేపుచుండెను. అట్టి పరుగునకు తగినంత పొడవైన సూటి రోడ్డు బ్రిటనులో ఎచ్చటను లేదు. కనుక 1924లో మాల్కమ్ క్యాంబెల్ తన కారును ఈ ఇసుకమీదికి తెచ్చెను. మరుసటి సంవత్సరము, అనగా 1925 జులైలో, ఇచ్చటనే ఆయన గంటకు 150 మైళ్ల వేగమును దాటెను.

బాబ్స్ కథ మరియొక చోట మొదలైనది. కెంటు మండలములోని హైయం అను భవనములో లూయీ జ్బొరోవ్‌స్కీ అను ధనిక యువకుడుండెను. విమానముల కొరకు చేసిన పెద్ద ఇంజనులను కార్లలో బిగించి పరుగెత్తించుట అతని సరదా. 'చిట్టీ బ్యాంగ్ బ్యాంగ్' అను పేరుతో పిల్లల కథయు, చలనచిత్రమును తరువాతి కాలమున వెలసినవికదా, ఆ పేరునకు మూలము అతని కార్లే. అతడు కట్టించిన కార్లలో అన్నిటికంటె పెద్దది 'హైయం స్పెషల్'. అందులో బిగించినది అమెరికావారి లిబర్టీ విమానపుటింజను.

ఈ లిబర్టీ ఇంజనును గూర్చి రెండు మాటలు చెప్పవలెను; మా కథకు ఇది ముఖ్యము. 1917లో అమెరికా యుద్ధములో దిగినప్పుడు జెస్సీ విన్సెంట్, ఎల్బర్ట్ హాల్ అను ఇద్దరు ఇంజనీర్లు వాషింగ్టనులోని ఒక హోటలు గదిలో కూర్చుండి వారము తిరుగకుండ దీని నమూనాను గీసి యిచ్చిరి. 12 సిలిండర్లు, ఒక్కొక్క వరుసకు ఆరు చొప్పున, 45 డిగ్రీల కోణమున రెండు వరుసలుగ నిలుచును. సిలిండరు లోపలి వ్యాసము 5 అంగుళములు. పిస్టను నడచు దూరము 7 అంగుళములు. మొత్తము 27 లీటర్లు. నేడు మన వీథులలో తిరుగు చిన్న కారు ఇంజను ఒక లీటరుకు కొంచెము ఎక్కువ తక్కువగ నుండును. అనగా అట్టి కార్లు రెండు డజన్లు ఒకే బానెట్టు క్రింద చేరినట్లు. దీని శక్తి నాలుగు వందల గుఱ్ఱముల పైమాట. ఇట్టివి మొత్తము 20,000 పైచిలుకు తయారైనవి.

జ్బొరోవ్‌స్కీ 1924 అక్టోబరులో ఇటలీదేశపు మోంజాలో పందెము నడుపుచు మరణించెను. అతని వెనుక ఆ పెద్ద కారును 125 పౌన్లకు కొన్నవాడు ప్యారీ-టామస్.

జాన్ గాడ్‌ఫ్రీ ప్యారీ-టామస్ వేల్సులోని రెక్స్‌హామ్ పట్టణమున పుట్టెను. చదువుచేత, వృత్తిచేత ఇంజనీరు. లేలండ్ కంపెనీకి ప్రధాన ఇంజనీరుగ నుండి 1920లో 'లేలండ్ ఎయిట్' అను ఖరీదైన కారును రూపొందించెను. తరువాత ఆ కొలువు విడిచి పందెములలో ప్రవేశించెను. లండనుకు సమీపమున బ్రూక్‌ల్యాండ్స్ అను కాంక్రీటు పందెపుబాట కలదు; 1907లో తెరచినది. ఆ బాట లోపలి ఆవరణలోనే ఒక చిన్న యింటిలో అతడు నివసించెను. పందెగాండ్రలో తన కారును తానే గీసి, తానే కోసి, తానే నడిపినవారు అరుదు. టామస్ ఆ అరుదైనవారిలో ఒకడు. కొన్న కారునకు కొత్త పిస్టనులను తానే రూపొందించి, నాలుగు కార్బ్యురేటర్లు అమర్చి, పైతొడుగు మార్చి, 'బాబ్స్' అని పేరిడెను. గేరుపెట్టెనుండి వెనుక చక్రములకు శక్తిని అందించునవి రెండు ప్రక్కల నున్న పెద్ద గొలుసులు. సైకిలు గొలుసును ఎన్నో రెట్లు పెంచి ఊహించుకొనిన సరిపోవును.

1926 ఏప్రిలు 27న పెండైన్ ఇసుకమీద టామస్ గంటకు 169.30 మైళ్ల వేగము సాధించెను. మరునాడే దానిని 171.02 మైళ్లకు పెంచెను. నేటి లెక్కలో ఇది గంటకు 275 కిలోమీటర్లు. తొమ్మిది నెలలు ఆ రికార్డు అతనిదై యుండెను. 1927 ఫిబ్రవరి 4న క్యాంబెల్ తన 'బ్లూబర్డ్' కారుతో అదే ఇసుకమీద 174.88 మైళ్లకు పోయెను. పోయినదానిని తిరిగి గెలుచుటకై టామస్ మార్చి 3న బాబ్స్‌తో పెండైన్ చేరెను. పూర్తి వేగముతో పోవుచుండగ కారు అదుపుతప్పి పల్టీలుకొట్టెను. టామస్ అక్కడికక్కడే మరణించెను. భూమిమీది వేగపు రికార్డు కొరకు ప్రాణము విడిచిన మొదటి డ్రైవరు అతడే. కుడిప్రక్క గొలుసు తెగి అతని తలకు తగిలెనని చాలకాలము అందరు చెప్పుకొనిరి. వెనుక చక్రము ముందుగ విరిగియుండునని తరువాత మరియొక వాదము బయలుదేరినది. ఈ రెంటిలో ఏది నిజమైనను పోయిన ప్రాణము తిరిగిరాదు. కాని యంత్రమును ఎరిగినవాని మరణమునకు కారణమును యంత్రములోనే వెదకుట మానవ సహజము.

ఇందులో విషాదమేమన, అతడు పోరాడిన ఆ అంకె కూడ ఎక్కువ దినములు నిలువలేదు. అదే మార్చి 29న అమెరికాలోని డేటోనా తీరమున సీగ్రేవ్ గంటకు 203 మైళ్లు దాటెను. నాలుగు వారములు తిరుగకముందే 171, 174 అను అంకెలు పాతబడిపోయినవి.

విచారణ ముగిసిన పిమ్మట విరిగిన బాబ్స్‌ను పెండైన్‌లోనే, ఇసుకతిన్నెలలో గోతి త్రవ్వి పూడ్చిరి. యజమానిని చంపిన యంత్రమును మరల ఎవరును నడుపరాదనియో, దానిని విడిభాగములుగ అమ్ముకొనుట అపచారమనియో భావించియుందురు. టామస్ దేహమును బ్రూక్‌ల్యాండ్స్‌కు సమీపమున నున్న బైఫ్లీట్ గ్రామపు చర్చి ఆవరణలో సమాధి చేసిరి. మనిషికి ఒకచోట, కారునకు ఒకచోట సమాధులేర్పడినవి.

ఇట్లు 42 ఏండ్లు గడచినవి. ఈ మధ్యకాలమున రెండవ ప్రపంచయుద్ధము వచ్చి పోయినది. ఆ ఇసుకతిన్నెలు సైనికశాఖవారి పరీక్షా క్షేత్రముగ మారినవి. బాబ్స్ యొక్క లిబర్టీ ఇంజనుకు తోబుట్టువులైన ఇంజనులు బ్రిటిషు సేనల ట్యాంకులలో నడచి, అవి కూడ పాతబడినవి. 1969లో బ్యాంగర్ పట్టణపు సాంకేతిక కళాశాలలో ఇంజనీరింగు అధ్యాపకుడైన ఓవెన్ విన్ ఓవెన్ అను ఆయన, బాబ్స్‌ను త్రవ్వి తీయుటకు అనుమతి కోరి, పొంది, ఆ పని చేసెను.

పైకి వచ్చినది కారు అని చెప్పుటకు సాహసము కావలెను. తడియిసుక, ఉప్పుగాలి, కాలము, ఈ మూడును కలసి పైతొడుగు రేకులను తినివేసినవి. అయినను ఆశ్చర్యముగ యంత్రభాగములలో పెక్కు మిగిలియుండెను. దీనికి కారణము లేకపోలేదు. త్రుప్పునకు నీరు ఒక్కటియే చాలదు, గాలియు కావలెను. లోతైన తడియిసుకలో గాలి ఆడుట తక్కువ. మరియు ఇంజనులందు, గేరుపెట్టెలందు మిగిలియున్న నూనె లోపలి ఉక్కును కొంతవరకు కాపాడును. అల్యూమినియము సంగతి వేరు. ఉప్పునీటిలో ఉక్కును, అల్యూమినియమును కలసియున్నచో అల్యూమినియమే ముందు కరగును. లిబర్టీ ఇంజనుకు సిలిండర్లు ఉక్కువి. వానిని మోయు అడుగుపెట్టె అల్యూమినియముది. ఈ ఒక్క విషయము చాలును, పని ఎంతటిదో ఊహించుకొనుటకు.

ఆ పనికి ఓవెన్ గారికి సుమారు 15 ఏండ్లు పట్టినది.

ఇచ్చట ఒక లెక్క చూడుడు. టామస్ చేతిలో బాబ్స్ బ్రతికిన కాలము రెండేండ్లకు కొంచెము ఎక్కువ తక్కువ. దానిని మరల బ్రతికించుటకు పట్టిన కాలము దానికి ఏడు రెట్లు. త్రవ్విన రోజున పుట్టిన శిశువు ఉన్నత పాఠశాల ముగించు వయసునకు వచ్చునంత కాలము ఒక మనిషి ఒకే యంత్రము వెంట నుండుట! తొలిదినమున పత్రికలవారుందురు, కెమేరాలుందురు, ఊరివారు గుమిగూడుదురు. ఏడవ యేట వర్షకాలపు సాయంకాలమున ఎవరుందురు? తానును, రెంచియు.

ఆయన మనస్సులోనికి మేము చొరబడజాలము. కాని పనియొక్క స్వభావమును పరిశీలించినచో కొంత బోధపడును. మొదటిది, అది లెక్కింపదగిన పని. లిబర్టీ ఇంజనులో పిస్టనులు 12. కవాటములు సిలిండరునకు రెండు చొప్పున 24. స్పార్కు ప్లగ్గులు కూడ రెండేసి చొప్పున 24. 'కారును బాగుచేయవలెను' అనుకొన్నచో మనిషి మొదటి వారములోనే కూలబడును. 'ఈ నెల మూడవ సిలిండరు' అనుకొన్నచో నెలాఖరుకు మూడు తరిగి తొమ్మిది మిగులును. పట్టుకొనిపోయిన పిస్టనును కదల్చుటకు బలము పనికిరాదు. నూనెలో నానబెట్టి, మెల్లగ వేడిచేసి, మరల నానబెట్టి, దినములు వేచియుండవలెను. తొందరపడినచో పలుచని సిలిండరు గోడ చీలును. ఒకటి కదిలిన వెనుక రెండవది తెలిసిన దారి. పన్నెండవదానికి చేయి దానంతటదే పోవును. ఈ పనిలో పండినవారు చెప్పు మరియొక మాట కలదు: ఒకేసారి అన్నియు విప్పకుము, విప్పినదానికి చీటి కట్టుము, పెట్టెలో పెట్టి పేరు వ్రాయుము. మేము మా రేడియో విషయములో ఈ మూడింటిలో ఒక్కటియు చేయలేదు. అందుచేతనే ఏ మర ఏ రంధ్రమునకు చెందునో నేడు బ్రహ్మకైనను తెలియదు.

రెండవది, మన దేవాలయముల జీర్ణోద్ధరణమును గుర్తు తెచ్చుకొనుడు. గుడి విప్పి కట్టుటకు ఎన్ని యేండ్లు పట్టినను నిత్యపూజ ఆగకూడదని మన పెద్దలు బాలాలయము నేర్పరచిరి. మూలస్థానములో ఉలిచప్పుళ్లు వినబడుచుండగ ప్రక్కన చిన్న మందిరములో ధూపదీపములు నడచుచుండును. యాదాద్రిలో 2016 నుండి 2022 మార్చి వరకు భక్తులు స్వామిని బాలాలయములోనే సేవించిరి. ఇది శాస్త్రము విధించిన నియమమే కావచ్చును. కాని ఇందులో మనస్తత్వమెరిగిన తెలివియు కలదని మాకు తోచుచున్నది. ఆరేండ్లు తలుపు మూసియుంచిన గుడికి దారి మరచిపోవుట సులభము. దీర్ఘమైన పనిలో దినమునకొకమారైనను ఆ వస్తువుతో సంబంధము నిలుపుకొనవలెను. అటకమీదికి చేర్చిన దినముననే మా రేడియో పని ఆగినది. ఉత్సాహము చల్లారినది అంతకు ముందు కాదు, తరువాతనే.

ఈ రెండును ఉపాయములు. ఇవి నెలలను దాటించునుగాని 15 ఏండ్లను దాటించునా యన్నది మా సందేహము. బాబ్స్ విషయములో మూడవది ఒకటి కలదు. మా యూహలో అదియే బలమైనది. బాబ్స్ గ్యారేజిలో మూలపడిన పాత కారు కాదు. ఒక మనిషి జ్ఞాపకార్థము పూడ్చిన కారు. ఇసుక క్రింద నున్నంతకాలము అది సమాధి. తవ్విన గంటనుండి అది త్రుప్పుపట్టిన ఇనుము. కూర్చి నిలబెట్టిన గాని దానికి మరల గౌరవము లేదు. సగములో విడిచినచో, చనిపోయినవాని యంత్రమును బయటికి లాగి వెలుగులో పారవేసినట్లగును. తవ్వినవాడు ఎవరికి జవాబు చెప్పవలెను? ఊరివారికి, సైనికశాఖవారికి, టామస్ బంధువులకు, అందరికంటె మిన్నగ టామస్‌కు. ఋణము ఉత్సాహమువంటిది కాదు. దినదినము తరుగదు, వడ్డీతో పెరుగును.

తవ్వవలసినదేనా యను ప్రశ్నకు కూడ స్థానము కలదు. సమాధిని కదపరాదనువారి మాట కొట్టివేయదగినది కాదు. మేమును మొదట అటువైపే మొగ్గితిమి. ఆ ఇసుకలో నున్నది దేహము కాదు, ఒక ఇంజనీరు చేతిపని. అతని పిస్టనులు, అతని కొలతలు. టామస్ తన చేతిపనిని దాచుకొను స్వభావము గలవాడుగ కనబడడు. అందుచేత మా యభిప్రాయము మారినది. అందరు అంగీకరింపవలెనని మేము కోరము.

మరియొక చిక్కు ప్రశ్న. రేకులన్నియు కొత్తవి, ఎన్నో భాగములు కొత్తవి, అది బాబ్సేనా? 1926, 1927 నాటి ఛాయాచిత్రములు మిగిలియున్నవి; పైరూపమునకు అవి సాక్ష్యము. లోపల నిలిచిన యంత్రము పాతది. జీర్ణోద్ధరణ జరిగిన గుడిని మనము మరియొక గుడి యనుచున్నామా? ఈ వాదము పాత కార్ల ప్రపంచములో తెగునది కాదు. తెగవలసిన అవసరమును మాకు కనబడలేదు.

ఒక అదృష్టము బాబ్స్‌కు తోడైనది. జ్బొరోవ్‌స్కీ తన కారునకు ఒక్కటియే చేసిన ఇంజను కాక, వేలకొలది తయారైన లిబర్టీని ఎన్నుకొనెను. అట్టి ఇంజనుకు తోబుట్టువులు ప్రపంచములో ఎచ్చటనో మిగిలియుండును. కొలత సరిచూచుకొనుటకు మరియొకటి దొరకును. మన యిండ్లలోని పాత వాల్వు రేడియోలకును ఇదే అదృష్టము. ఒకే నమూనా వేలకొలది ఇండ్లలో నుండినది. మా త్రాడు వంటి త్రాడు ఏ పాత సామానుల బజారులోనో ఉండకపోదు. ఈ వ్యాసము వ్రాయుటకు ముందు మేము బుట్టను దించి చూచితిమి. వాల్వులు ఐదును పగులకుండనున్నవి. కండెన్సరులను లెక్కించి, ఒక్కొక్కదానికి కాగితపు చీటి కట్టి, బుట్టను అటకమీద గాక వ్రాతబల్ల ప్రక్కన నుంచితిమి. ఇంతకు మించి వాగ్దానము చేయుటకు ధైర్యము చాలదు.

బాబ్స్ ఇంజను మరల పలికినది. కారు తన శక్తితో తాను కదలినది. పెండైన్‌లోను ప్రజలు చూచిరి. ఆ గ్రామములో వేగపు చరిత్రకై నెలకొల్పిన ప్రదర్శనశాలలో వేసవినెలలందును, తక్కిన కాలమున బ్రూక్‌ల్యాండ్స్ ప్రదర్శనశాలలోను దానిని ఉంచుట అనేక సంవత్సరములు వాడుకగ సాగినది. ఒకచోట అది పరుగెత్తి కూలినది; మరియొకచోట టామస్ దానిని దిద్ది తీర్చినాడు. బ్రూక్‌ల్యాండ్స్‌లో నున్న నెలలలో ఆ కారునకు, బైఫ్లీట్ చర్చి ఆవరణలోని అతని సమాధికి నడుమ దూరము చాల కొంచెము.